నీలిధూళి మండలం

మా కంప్యూటర్ ఆటలో లంచం ఇచ్చే వీలుందని తెలిసిన రోజున ఎండీ విశ్వపతి గారు నిజంగానే నొచ్చుకున్నారు.

"హైమవతి గారూ, ఇది ప్రభుత్వ సంస్థ విడుదల చేయబోతున్న ఆట. మన రాష్ట్రంలో లేనిదాన్ని ఇందులో ఎలా పెడతారు?"

"గ్రహాల మధ్య ప్రయాణం కూడా మన రాష్ట్రంలో లేదు కదండీ" అన్నాను.

"అది రావచ్చు. లంచం రాదు."

చివరికి ఆ బటన్ మీద 'లంచం' అన్న మాట చెరిపేసి 'సహకారం' అని రాశాం. ఆయన తేలికపడి టీ తెప్పించారు.

ఆ ఆట పేరు 'నీలిధూళి'. నేనూ, బొమ్మలు గీసే ఫరీదూ కలిసి నాలుగేళ్లు కష్టపడి చేశాం. ఆటగాడు నీటి గొట్టాలు బాగుచేసే మేస్త్రీగా ఒక దూరపు గ్రహం మీద దిగుతాడు. అక్కడంతా నీలిరంగు దుమ్ము. నీళ్లన్నీ ఒకే కంపెనీ చేతిలో ఉంటాయి, ఆ నీళ్లలో ఏదో కలుస్తూ ఉంటుంది. అది బయటపెట్టాలా, నోరు మూసుకుని బతకాలా, కంపెనీలోనే చేరిపోవాలా అన్నది ఆటగాడి ఇష్టం. ఏ దారిలో పోతే కథ ఆ దారిలోనే పోతుంది. దుమ్ము మీద పొద్దు వాలే రంగు కుదరడానికి ఒక్కదానికే ఫరీద్ రెండు నెలలు తీసుకున్నాడు.

ఇంతలో మంత్రిగారొకరు విదేశం వెళ్లి, అక్కడ ఓ పెద్ద హాల్లో వేలమంది కుర్రకారు కంప్యూటర్ ఆటలు చూస్తూ ఈలలు వేయడం చూసి వచ్చారు. మనకూ ఒక ఆట ఉండాలన్నారు. ఆర్నెల్లలో 'రాష్ట్ర ఆటల సృజన సంస్థ' పుట్టింది. దానికి మూడంతస్తుల భవనం, ఎండీ, ఇద్దరు జీఎంలు, నాలుగు కార్లు, ఒక చిహ్నం, ఆ చిహ్నం ఎలా వాడాలో చెప్పే పుస్తకం సమకూరాయి. ఆట ఒక్కటే లేదు. టెండరు పిలిస్తే పదహారు సంస్థలు వచ్చాయి. పదిహేను సంస్థల దగ్గర ఆట గురించిన ఉపన్యాసం ఉంది, మా దగ్గర ఆట ఉంది. అలా, అప్పటికే తయారైపోయిన ఆటను తయారు చేయించే పని మాకు అప్పగించారు.

ఒప్పందం పద్నాలుగు పేజీలు. మేం పదకొండో పేజీ దాకా చదివాం. ఆట సర్వహక్కులూ సంస్థవేనని పన్నెండో పేజీలో ఉంది.

మొదటి సమీక్ష అయిన వారానికి సర్క్యులర్ వచ్చింది. 'ప్రజాధనంతో రూపొందు ఆటయందు, రాష్ట్రమున అమలులోనున్న ఏ నిబంధనయు ఉల్లంఘింపబడరాదు. ఆట జరుగు స్థలము భూమియా, అన్యగ్రహమా అను విచక్షణ ఈ విషయమున వర్తించదు.'

ఆ తర్వాత శాఖల వాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. మా అంతరిక్ష నౌక సరుకు రవాణా వాహనమా, ప్రయాణికుల వాహనమా తేల్చమని రవాణా శాఖ అడిగింది. రెండూ అన్నాం. రెండూ కుదరవన్నారు. దాంతో మేస్త్రీ ఒక నౌకలోనూ, అతని పనిముట్లు వెనకాల ఇంకో నౌకలోనూ వెళ్లవలసి వచ్చింది. దారికి అడ్డుపడే రాతిపీత అనే జంతువును చంపడానికి అటవీ శాఖ ఒప్పుకోలేదు. అది రక్షిత జంతువుల జాబితాలో లేదని చూపించాను.

"చంపదగిన జంతువుల జాబితాలోనూ లేదు కదమ్మా" అన్నాడు వచ్చిన రేంజరు. "తరిమివేయుట వరకు అభ్యంతరం లేదు. డప్పు కొట్టించండి."

ఫరీద్ మూడు రోజులు కూర్చుని మేస్త్రీ చేతికి డప్పు గీశాడు.

సిబ్బంది వ్యవహారాల అధికారిది మరో బాధ. ఇలాంటి ఆటల్లో అనుభవం పోగయ్యేకొద్దీ పాత్ర స్థాయి పెరుగుతుంది. ఆయన కళ్లజోడు తీసి, "అనుభవం ఉంటే పదోన్నతి వస్తుందని మీకెవరు చెప్పారు?" అని అడిగారు. పై స్థాయిలో ఖాళీ ఉండాలి, సీనియారిటీ జాబితాలో పేరుండాలి, పెండింగులో మెమోలు ఉండకూడదు. ఇవన్నీ పెట్టాక మేస్త్రీ రెండో స్థాయికి రావడానికి పదకొండేళ్లు పడుతుందని లెక్క తేలింది. "సహేతుకంగా ఉంది" అని ఆయన సంతకం పెట్టారు.

అసలు పీటముడి నివాస ధ్రువపత్రం దగ్గర పడింది. బయటి వ్యక్తి ఎవరైనా ఒక ఊళ్లో నీటి పని చేయాలంటే నివాస ధ్రువపత్రం చూపించాలట. సరే, ఆటలో ఒక కాగితం గీసి ఇద్దామన్నాం. న్యాయ విభాగం వాళ్లు ఉలిక్కిపడ్డారు. ప్రభుత్వ పత్రాన్ని పోలిన పత్రం మీద లేని అధికారి సంతకం పెడితే అది ఫోర్జరీ. పత్రం లేకుండా పని చేయిస్తే నిబంధనల ఉల్లంఘన. రెండూ కాకూడదంటే ఒక్కటే దారి, అది నిజమైన పత్రమై ఉండాలి. నిజమైన పత్రానికి నిజమైన తహసీల్దారు కావాలి. తహసీల్దారు ఉండాలంటే మండలం ఉండాలి.

"ఉండనివ్వండి" అన్నారు ఎండీ గారు. "మండలం ఏర్పాటు చేయడం ఎంతసేపు?"

రెండు వారాల్లో గెజిట్ వచ్చింది. నీలిధూళి గ్రహాన్ని మండలంగా ప్రకటించారు. ఎల్లలు: ఉత్తరాన శూన్యము, దక్షిణాన శూన్యము, తూర్పున శూన్యము, పడమర రింగు రోడ్డు.

"రింగు రోడ్డు ఎక్కణ్నించి వచ్చిందండీ?" అని ఫరీద్ అడిగాడు.

"నమూనా కాగితంలో అది ముందే అచ్చయి ఉందయ్యా. కొట్టేస్తే మళ్లీ ఫైలు పైకి పోవాలి" అన్నాడు గెజిట్ తెచ్చిన గుమాస్తా.

ఆ మండలానికి తహసీల్దారుగా కొర్లపాటి సింహాచలం గారు వచ్చారు. యాభై ఆరేళ్ల మనిషి. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో పంతొమ్మిది బదిలీలు. చివరిసారి ఒక పెద్దమనిషి బావమరిది చెరువు పూడుస్తుంటే వెళ్లి లారీలు ఆపించారట. ఆయన్ని ఇంకెక్కడికి వేయాలో తెలియక పైవాళ్లు తలలు పట్టుకుంటున్న సమయంలో, భూమ్మీద లేని మండలం ఒకటి దొరికింది.

స్టీలు క్యారియరూ, కుర్చీ మీద వేసుకునే తువ్వాలూ పట్టుకుని ఆయన మా మూడో అంతస్తుకు వచ్చారు.

"అమ్మా, మండలం ఎక్కడ?"

తెర మీద చూపించాను. ఫరీద్ గీసిన నీలి దుమ్ము, దూరంగా నీటి ట్యాంకులు, ఇద్దరు సూర్యులు. ఆయన నవ్వుతారనుకున్నాను, లేదా ఏడుస్తారనుకున్నాను. ట్యాంకుల వైపు వేలు చూపించి, "నీళ్లకి ఇబ్బందిలా ఉంది" అన్నారు. తర్వాత తువ్వాలు కుర్చీ మీద పరిచి, పూర్వాహ్నం విధుల్లో చేరినట్టు కాగితం రాసుకున్నారు.

ఆట విడుదలైంది. మొదటి వారం ఎవరూ ఆడలేదు. డప్పు కొట్టి పీతను తరిమి, టోకెన్ తీసుకుని, నిజమైన ఆధార్ నంబరుతో దరఖాస్తు పెట్టి, పత్రం వచ్చేదాకా కాచుకునే ఆట ఏ కుర్రాడు ఆడతాడు? వచ్చిన ఆరుగురిలో ఐదుగురు టోకెన్ దగ్గరే వెళ్లిపోయారు. దరఖాస్తు దాకా వచ్చిన ఆరో మనిషి జయంతి అనే అమ్మాయి.

సింహాచలం గారికి వేరే పని లేదు. ఆ దరఖాస్తును నిజమైన దరఖాస్తులాగే చూశారు. తహసీల్దారు లాగిన్‌లో రాష్ట్రంలోని రికార్డులన్నీ తెరుచుకుంటాయి. రేషన్ కార్డు చూశారు, బడి రికార్డు చూశారు, ఊళ్లో వీఆర్వోకి ఫోన్ చేసి కనుక్కున్నారు. నలభై నిమిషాల్లో సంతకం పెట్టారు. ఆటలో మేస్త్రీ చేతికి పత్రం వచ్చింది. జయంతి దాన్ని ప్రింటు తీసుకుని నర్సింగ్ కాలేజీకి పట్టుకెళ్లింది. కాలేజీ వాళ్లు నంబరు కొట్టి చూస్తే పచ్చటి టిక్కు పడింది. సీటు ఇచ్చేశారు.

ఈ సంగతి నాలుగో రోజున జయంతి తల్లి నరసమ్మ వచ్చి చెబితే గానీ మాకు తెలియలేదు. రేవులో చేపలమ్ముకునే మనిషి. చనిపోయిన భర్త పేరు ఒక కాగితంలో నరసింహులు అనీ, ఇంకో కాగితంలో నర్సిమ్ములు అనీ ఉన్నందుకు నాలుగు నెలలు తిప్పారట ఆమెను, వాళ్ల మండలాఫీసులో.

"మా పిల్ల ఫోన్లో ఏదో డప్పు కొట్టింది బాబూ, కాయితం వచ్చేసింది" అని అరటిపళ్ల అత్తం ఆయన బల్ల మీద పెట్టింది.

"తీసెయ్యమ్మా. దాన్ని మా దగ్గర సహకారం అంటారు" అన్నారు సింహాచలం గారు. అని, ఆవిడ మొహం చిన్నబోవడం చూసి ఒక్క పండు తుంచుకుని, మిగతావి పిల్లకి పెట్టమన్నారు.

వేరే మండలం వాళ్లకి ఈ మండలం తహసీల్దారు పత్రం ఇవ్వవచ్చునా అన్న అనుమానం న్యాయ విభాగానికి రాకపోలేదు. గెజిట్ తిరగేశారు. మూడు దిక్కులా శూన్యమే ఎల్లగా ఉంది కాబట్టి, శూన్యానికి అంతం ఎక్కడో తేలేదాకా, రాష్ట్రమంతా ఈ మండలం లోపలే ఉన్నట్టు భావించవలెనని అభిప్రాయం రాశారు.

ఇక చూడండి. రెండు నెలల్లో ప్రతి ఊళ్లోనూ నెట్ సెంటర్ల ముందు 'ఇచ్చట డప్పు కొట్టబడును' అని బోర్డులు వెలిశాయి. పంచెలు కట్టిన రైతులు మౌస్ పట్టుకుని రాతిపీతల్ని తరిమారు. డెబ్బై ఏళ్ల పెద్దాయన ఒకరు మనవరాలి సాయంతో నౌక దిగి, టోకెన్ తీసుకుని, ఆగిపోయిన పింఛను పత్రం సాయంత్రానికల్లా ఇంటికి పట్టుకెళ్లారు. పనయ్యాక కొందరు ఊరికే ఆడారు కూడా. నీళ్ల కంపెనీ గుట్టు బయటపెట్టాలా వద్దా అని టీ కొట్ల దగ్గర వాదించుకున్నారని ఎవరో చెబితే, ఫరీద్ బయటికి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చాడు. నాలుగేళ్లు మేం కోరుకున్నది అంతే.

సంవత్సరాంతంలో మండలాల పనితీరుకు ర్యాంకులు ప్రకటించారు. నీలిధూళి మండలం రాష్ట్రంలో ప్రథమ స్థానంలో ఉంది. రెండో స్థానంలో ఉన్న మండలం దానికి ఆమడ దూరంలో ఉంది.

ఎండీ గారు ఒక పూట ఉప్పొంగిపోయి మిఠాయిలు పంచారు. రెండో పూట పైనుంచి ఫోన్ వచ్చాక, పంచిన మిఠాయిలు ఎవరి ఉత్తర్వుతో పంచారని ఆయనే విచారించారు. రెవెన్యూ శాఖ నుంచి పెద్ద అధికారి ఒకరు స్వయంగా వచ్చి సమావేశం పెట్టారు. మాకూ కుర్చీలు వేశారు, గోడ పక్కన.

"లేని మండలం ఉన్న మండలాల కన్నా బాగా పనిచేస్తోంది" అన్నారాయన. "దీనివల్ల వ్యవస్థ మీద ప్రజలకు నమ్మకం సడలే ప్రమాదం ఉంది."

"తక్కిన మండలాలు కూడా ఇలాగే పనిచేస్తే సరిపోదాండీ?" అని నోరు జారాను.

గదిలో అందరూ నావైపు తిరిగారు. ఆయన మాత్రం చాలా ఓపిగ్గా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు. "ఆరొందల పైచిలుకు మండలాలను మార్చడం ఆచరణ సాధ్యమా అమ్మా? ఒక్కదాన్ని మార్చడం సులువా? పాలనలో సమానత్వం పాటించాలి."

సమానత్వ చర్యలు అక్కడికక్కడే తీర్మానించారు. సింహాచలం గారిని బదిలీ చేయాలి. మూడు మండలాలు చూస్తున్న మరో అధికారికి నీలిధూళిని అదనపు బాధ్యతగా ఇవ్వాలి. ఆటలో 'సర్వర్ పనిచేయుట లేదు' అన్న సౌకర్యం నేను చేర్చాలి.

ఉత్తర్వు మర్నాడు పదకొండు గంటలకు వచ్చింది. 'ఈ దినము అపరాహ్నము నుండి బాధ్యతల నుండి విముక్తులను చేయడమైనది.' వార్త అప్పటికే బయటికి పొక్కింది. ఒక్క పొద్దుటే నాలుగు వేల దరఖాస్తులు వచ్చి పడ్డాయి. కాలేజీ సీట్లు, పింఛన్లు, ఆస్పత్రి కార్డులు. తెర మీద నీలి దుమ్ములో నాలుగు వేల మంది మేస్త్రీలు డప్పులు చంకన పెట్టుకుని వరుసలో నిలబడి ఉన్నారు.

సింహాచలం గారు ఉత్తర్వు రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు.

"అమ్మా హైమవతీ, అపరాహ్నం అంటే మండల కేంద్రంలో అపరాహ్నం. రూలు అదే. మన మండల కేంద్రంలో ఇప్పుడు టైమెంత?"

ఆట తెరిచి చూశాను. ఆ గ్రహం మీద రోజుకు నలభై గంటలు. "ఇంకా పొద్దుటేనండీ. పెద్ద సూర్యుడు నడినెత్తికి రావడానికి ఐదు గంటలు పడుతుంది."

"ఐదు గంటల్లో ఎంత కిందా మీదా పడ్డా పాతికకు మించి కాదు." ఆయన వరుస వైపు చూశారు. "ఆ నలభై గంటలన్నది ఎక్కడ రాసి ఉంటుంది?"

"ఒక ఫైల్లో. ఒక అంకె, అంతే."

ఆయన క్యారియర్ విప్పుకుని గోడవైపు తిరిగి, పెరుగన్నం తినడం మొదలుపెట్టారు. అంత నెమ్మదిగా పెరుగన్నం తిన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఫరీద్ నావైపు చూశాడు. అది సంస్థ ఆస్తి, అందులో అక్షరం కదపాలన్నా అనుమతి కావాలి. కానీ ఆ అంకె నేను రాసింది. నలభై పక్కన రెండు సున్నాలు చేర్చాను.

నీలిధూళి మీద మధ్యాహ్నం ఐదు గంటల నుంచి ఇరవై ఒక్క రోజుల దూరానికి జరిగింది.

ఆయన చేయి కడుక్కుని వచ్చి పనిలో కూర్చున్నారు. వీఆర్వోలకు ఫోన్లు చేసిపెట్టడానికి నేనూ ఫరీదూ చెరో బల్ల దగ్గర కూర్చున్నాం. రోజుకు రెండు వందలు. నాలుగో రోజుకు ఎండీ గారు ఫోన్ చేశారు.

"హైమవతి గారూ, అక్కడ ఇంకా పొద్దుటేనా?"

"అవునండీ. ఎండ ఇప్పుడిప్పుడే ఎక్కుతోంది."

న్యాయ విభాగం రూలు చూసి, మధ్యాహ్నం కాకుండా బాధ్యతలు తీసుకోవడం చెల్లదంది. మధ్యాహ్నాన్ని త్వరితపరచవలసిందిగా సైన్సు విభాగానికి లేఖ వెళ్లింది. సూర్యుల గమనం తమ పరిధిలోనిది కాదని, రెవెన్యూ వారినే సంప్రదించమని జవాబు వచ్చింది. ఆ రెండు లేఖలూ పోయి రావడానికి పదమూడు రోజులు పట్టింది. వ్యవస్థ మందకొడితనం ఒకరికి మేలు చేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇరవై ఒకటో రోజున పెద్ద సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకి పదకొండు దరఖాస్తులు మిగిలాయి. సింహాచలం గారు చొక్కా చేతులు మడుచుకుని తొమ్మిది చేశారు. రెండు మిగిలిపోయాయి. ఆ రెండు పేర్లు ఒక చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకుని, బాధ్యతలు అప్పగించిన కాగితం మీద సంతకం చేసి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. ఆయన్ని పాత ఫారాలు నిల్వచేసే గోదాముకు వేశారు.

"కాగితాల మధ్యే కదమ్మా, అలవాటే" అని మెట్లు దిగారు.

నాకు మెమో వచ్చింది. 'గ్రహ భ్రమణమున అనధికార జోక్యము చేసుకొనుట, మధ్యాహ్నమును ఉద్దేశపూర్వకముగా జాప్యము చేయుట' అన్నవి నా మీద అభియోగాలు. విచారణ తేలేదాకా ఆట నుంచి మా పేర్లు తీసేశారు. ఇప్పుడు ఆట మొదలవగానే 'రూపకల్పన: విశ్వపతి' అని పడుతుంది. ఫరీద్ పెట్టె సర్దుకుని వాళ్ల బాబాయి దగ్గర సైన్ బోర్డులు రాయడానికి వెళ్లిపోయాడు. కొత్త తహసీల్దారుకు పాస్‌వర్డు ఇంకా అందలేదు.

మెమోకు జవాబు తయారు చేసుకున్నాను. దానికి నా నివాస ధ్రువపత్రం జతపరచాలట. మా మండలాఫీసుకు వెళ్లాను. గుమాస్తా నా నంబరు కొట్టి, తెర చూసి, తల అడ్డంగా ఊపాడు.

"మీది ఇక్కడ కాదు మేడమ్. నీలిధూళి మండలంలో మీ పేరు నివాసిగా ఉంది."

"అది ఆట పరీక్షించడానికి నేనే పెట్టిన దరఖాస్తు బాబూ. నేను ఇదే వీధిలో ఉంటాను. నన్ను చూస్తూనే ఉన్నారు కదా?"

"చూస్తే కాదు కదండీ. అక్కడే తీసుకోండి. ఆన్‌లైనే, సులువు."

ఇంటికి వచ్చి ఆట తెరిచాను. నౌక దిగాను. నీలి దుమ్ములో వరుస ట్యాంకుల వెనక్కి తిరిగి, గుట్ట దాటి, కనిపించకుండా పోయింది. నా టోకెన్ నంబరు పందొమ్మిది వేల చిల్లర. నడుస్తున్న నంబరు ఒకటి. వరుస పక్కన గొడుగులు వేసుకుని కొందరు మేస్త్రీలు కూర్చున్నారు, తలా ఒక బోర్డు పెట్టుకుని: 'సహకారం తీసుకోబడును'. అది నేను రాయలేదు, ఆడేవాళ్లే పెట్టుకున్నారు. కౌంటరు దగ్గర ఖాళీ కుర్చీ కనిపిస్తోంది.

గుట్ట దాటి వరుస చివరికి వెళ్లాను. ఆఖరున ఉన్న మేస్త్రీ వెనక్కి తిరిగాడు. అతని తల మీద అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి.

"కొత్తగా వచ్చారాండీ? ముందు నిలబడ్డవాళ్లకి మూడు వారాలైందట. ఈ ఆట ఎవరు చేశారో గానీ, అచ్చం నిజంలాగే ఉందండీ."

"అవునండీ" అని టైపు చేసి, అతని వెనక నిలబడ్డాను.